రాయగడకు ఓస్లో దగ్గర, పార్వతీపురం దూరం

రాయగడలో రైలెక్కితే గంటలో పార్వతీపురంలో దిగొచ్చు. 1990ల చివర్లో రాయగడ వైపు మోడెమ్ (ఫోన్ తీగ మీద కంప్యూటర్లను కలిపే పెట్టె) ఉన్న స్వచ్ఛంద సంస్థ ఏదైనా నార్వే రాజధాని ఓస్లోకు ఈమెయిల్ ఉత్తరం పంపితే తెల్లారేసరికి అందేది. అదే ఉత్తరం పార్వతీపురంలోని తోటి సంస్థకు అందించాలంటే మాత్రం కార్డు రాయాలి, లేదా పొద్దుటి రైలుకి మనిషిని పంపాలి. అవతలి వాళ్లకు మోడెమ్ లేదు మరి. నిధులిచ్చేవాళ్లూ వార్త మోసేవాళ్లూ తీగకు ఒక కొసన ఉన్నారు, ఇరుగుపొరుగు ఆ తీగ మీద లేరు.

స్వచ్ఛంద సంస్థలు ఇంటర్నెట్ వాడిన తొలినాళ్ల గురించి రాసేవాళ్లు ఎక్కువగా వెబ్‌సైట్ల నుంచి మొదలుపెడతారు. అప్పటికే సగం కథ అయిపోయింది. వెబ్ జనంలోకి రాకముందే సంస్థలు కంప్యూటర్లతో ఉత్తరాలు నడిపాయి. ఆ నడక తీరును రెండే నిర్ణయించాయి: ఫోన్ బిల్లు ఎంత, మధ్యలో ఎవరున్నారు. ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా జిల్లాలు గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్‌లలో తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఈ రెంటినీ పట్టుకోవాలి.

1980ల మధ్యలో ఇంటర్నెట్ అంటే అమెరికా విశ్వవిద్యాలయాలదీ రక్షణ పరిశోధన కేంద్రాలదీ. బయటివాళ్లకు ప్రవేశం లేదు. అందుకని సంస్థలు పక్క తోవ వేసుకున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో శాంతి ఉద్యమాల కోసం పీస్‌నెట్, పర్యావరణం కోసం ఈకోనెట్, లండన్‌లో గ్రీన్‌నెట్ నడిచాయి. 1987 నాటికి అట్లాంటిక్‌కు ఇటూ అటూ సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం మొదలైంది. అదే ఏడాది అమెరికాలో ఆకలి, ఇళ్లులేనితనం మీద పనిచేసేవాళ్ల కోసం హ్యాండ్స్‌నెట్ వచ్చింది. సంస్థలకు కంప్యూటర్ పని తెలిసిన వాలంటీర్లను జతచేసే కంప్యూమెంటర్ కూడా అప్పుడే పుట్టింది, ఇప్పుడు దాని పేరు టెక్‌సూప్. 1990లో అమెరికా, బ్రిటన్, కెనడా, స్వీడన్, ఆస్ట్రేలియా, బ్రెజిల్, నికరాగువాల్లోని ఏడు నెట్‌వర్కులు కలిసి అసోసియేషన్ ఫర్ ప్రోగ్రెసివ్ కమ్యూనికేషన్స్, అంటే ఏపీసీగా ఏర్పడ్డాయి. 1992లో రియో ధరిత్రీ సదస్సులోనూ, 1995లో బీజింగ్ మహిళా సదస్సులోనూ సంస్థల ప్రతినిధులకు ఈమెయిల్ కేంద్రాలు నడిపింది వీళ్లే. ఢిల్లీలో 1990ల తొలి ఏళ్లలో ఇండియాలింక్ పేరుతో సంస్థల ఈమెయిల్ వ్యవస్థ మొదలైంది.

ఇంటర్నెట్ గొప్పతనాన్ని ఆ కాలానికి ఎక్కువ చేసి చెప్పడం కూడా ఉంది. మందుపాతరల నిషేధ ఉద్యమం ఈమెయిల్‌తో గెలిచిందని విరివిగా రాశారు. 1997లో ఆ ఉద్యమంతో పాటు నోబెల్ శాంతి బహుమతి అందుకున్న జోడీ విలియమ్స్ మాత్రం, తొలి ఏళ్లలో తమ పని ప్రధానంగా ఫ్యాక్స్, ఫోన్ల మీదే నడిచిందని చెప్పారు.

తపాలా సంచి లెక్క

ఇప్పటి ఈమెయిల్‌కీ అప్పటి దానికీ పేరొక్కటే. అప్పటిది అచ్చంగా తపాలా సంచి పద్ధతి. పగలంతా ఉత్తరాలు ఫోన్ కలపకుండా కంప్యూటర్లో రాసుకుంటారు. రాత్రికి అన్నిటినీ ఒక మూటగా కుదించి, ఒకే ఫోన్ కాల్‌తో పై కేంద్రానికి పంపి, తమకొచ్చిన మూట దింపుకుని లైను పెట్టేస్తారు. ఆ కేంద్రం తన వంతుగా ఇంకో చోటికి ఫోన్ చేస్తుంది. 1984లో టామ్ జెన్నింగ్స్ అమెరికాలో మొదలుపెట్టిన ఫిడోనెట్ ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ. అందులో ప్రతి కేంద్రమూ రోజూ ఒక నిర్ణీత గంటసేపు తన లైను ఉత్తరాల మార్పిడికే ఖాళీగా ఉంచాలి. లండన్ గ్రీన్‌నెట్‌లో ఫిడోనెట్‌కీ ఇంటర్నెట్‌కీ మధ్య ద్వారం ఉండేది. ఆసియా, ఆఫ్రికా సంస్థల ఉత్తరాలు చాలా ఆ ద్వారం గుండానే ప్రపంచంలోకి వెళ్లాయి. మధ్యలో రెండు మజిలీలుంటే ఉత్తరానికి రెండు రాత్రులు పట్టేది. తొందరేముంది, పోస్టుకు రెండు వారాలు పట్టే రోజులవి.

దీని లాభం ఎక్కడుందో లెక్క వేస్తేనే తెలుస్తుంది. ఇంగ్లిషులో టైపు చేసిన ఒక పేజీ సుమారు రెండున్నర కిలోబైట్లు. 2400 వేగం మోడెమ్ సెకనుకు 240 అక్షరాలు పంపుతుంది. అంటే పేజీకి పదకొండు సెకన్లు. అయితే రెండు మోడెములు ఒకదాన్నొకటి గుర్తుపట్టి, కీచుమంటూ వేగం కుదుర్చుకుని, పేరూ పాస్‌వర్డూ అయ్యేసరికి నలభై సెకన్లు ముందే పోతాయి. ఒక్క ఉత్తరానికైతే ఫ్యాక్స్ కంటే మిగిలేది తక్కువ. ఇరవై ఉత్తరాలు మూటకట్టండి: యాభై కిలోబైట్లు కుదిస్తే ఇరవైకి దిగుతుంది. పంపడానికి 85 సెకన్లు, పలకరింపులతో కలిపి రెండు నిమిషాలు. అవే ఇరవై పేజీలు ఫ్యాక్స్‌లో పేజీకి నిమిషం చొప్పున ఇరవై నిమిషాలు. పగటిపూట దూరపు ఎస్టీడీకి రెండు సెకన్లకో పల్స్ (బిల్లులో ఒక యూనిట్) అనుకుంటే ఫ్యాక్స్‌కు 600 పల్సులు, మూటకు 60. రాత్రి పొద్దుపోయాక నాలుగో వంతు రేటులో చేస్తే 15. అర్ధరాత్రి ఆఫీసులో ఒక కుర్రాడు మేలుకుని కూర్చోవడానికి కారణం ఇదే. సంస్థలు ఈమెయిల్‌ను ఆధునికత మోజుతో తెచ్చుకున్నాయని అనుకునేవాళ్లు ఆ బిల్లులు చూడలేదు.

అదే కారణంగా ఫొటోలు ఎవరూ పంపేవారు కాదు. ఫొటో ఫైలు కుదిస్తే తగ్గేది దాదాపు శూన్యం. 300 కిలోబైట్ల బొమ్మకు 9600 వేగంలో కూడా అయిదు నిమిషాల ఇరవై సెకన్లు కావాలి, అదీ లైను మధ్యలో తెగకపోతే.

లైను తెగడం గురించి వివరంగా చెప్పుకోవాలి. చిన్న ఊళ్లలో కంప్యూటర్లు మూలపడడానికి మొదటి కారణం అదే. పాత ఎక్స్ఛేంజీలకు బటన్ల చప్పుడు (టోన్) అర్థం కాదు, డయల్ తిప్పినట్టు టకటకమని పల్సులు కావాలి. కాబట్టి మోడెమ్‌కు ఇచ్చే ఆదేశం ఏటీడీటీ బదులు ఏటీడీపీ ఉండాలి. అమెరికాలో తయారైన మోడెమ్ మన ఎక్స్ఛేంజి డయల్ టోన్‌ను గుర్తించక ‘నో డయల్‌టోన్’ అని మొరాయిస్తుంది. దానికి ఎక్స్3 అనే ఆదేశం ముందు చేర్చి టోన్ కోసం చూడకుండా డయల్ చేయించాలి. ఎస్టీడీ కలవడానికే చాలాసేపు పట్టే చోట, జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే ఎస్7 అంకెను పెంచాలి. వానాకాలంలో భూమిలోని కేబుల్ జాయింట్లలో నీరు చేరి గరగర మొదలవుతుంది. మాటకు అడ్డురాని గరగర మోడెమ్‌కు ప్రాణాంతకం. అప్పుడు వేగాన్ని చేత్తో తగ్గించి 1200కో 2400కో కట్టేస్తే మూట నెమ్మదిగానైనా చేరుతుంది. పక్క గదిలో పారలల్ ఫోన్ ఎవరో ఎత్తినా కథ మళ్లీ మొదటికి. ఫైళ్లు పంపే ఎక్స్‌మోడెమ్ పద్ధతిలో తొమ్మిదో నిమిషంలో తెగితే తొమ్మిది నిమిషాల డబ్బూ పోయినట్టే. జెడ్‌మోడెమ్ తెగిన చోటి నుంచి అందుకుంటుంది. ఈ ఒక్క సంగతి తెలిసిన ఆఫీసుకూ తెలియని ఆఫీసుకూ నెల బిల్లులో తేడా కనిపించేది. ఇక వేసవిలో కాలవైశాఖి గాలివానల ఉరుములు. ప్లగ్గు పీకేస్తే చాలదు, పిడుగు ఫోన్ తీగ గుండా వచ్చి మోడెమ్‌నీ దానితో పాటు మదర్‌బోర్డునీ మాడుస్తుంది. ఆకాశం నల్లబడగానే గోడ సాకెట్టు నుంచి ఫోన్ తీగ ఊడదీయాలి.

ఫోన్ అసలు లేని చోట్ల కోసం ఇంకో ప్రయోగం జరిగింది. 1980ల్లో డాక్టర్ బెర్నార్డ్ లోన్ స్థాపించిన శాటెల్‌లైఫ్ సంస్థ ఆఫ్రికా, ఆసియా వైద్యుల ఉత్తరాలను తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహంతో మోయించింది. 1993లో హెల్త్‌శాట్-2 పైకి వెళ్లింది. ఉపగ్రహం నెత్తిమీదికి వచ్చిన కాసేపట్లో ఉత్తరాలు పైకి ఎక్కించాలి, అది భూమి చుట్టూ తిరుగుతూ ఇంకో దేశం మీదికి వెళ్లినప్పుడు దింపుతుంది. ఇదీ తపాలా సంచే, రన్నర్ ఆకాశంలో ఉన్నాడంతే.

1995 ఆగస్టు 15 తర్వాత

విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది, మొదట మహానగరాల్లో. బొమ్మలు కనిపించే ఖాతా ఖరీదు. అక్షరాలే కనిపించే షెల్ ఖాతా చవక, సంస్థలకు అదే గతి. నల్ల తెరమీద పైన్ అనే ప్రోగ్రాంతో ఉత్తరాలు చదవడం, లింక్స్‌తో బొమ్మల్లేని వెబ్ చూడడం. వెబ్ అసలు అందనివాళ్ల కోసం ఈమెయిల్‌లో పేజీ చిరునామా రాసి పంపితే ఆ పేజీ పాఠం తిరుగు ఉత్తరంలో వచ్చే సేవలు కూడా ఉండేవి.

బరంపురం నుంచో జయపురం నుంచో చూస్తే ఖాతా ధర చిన్న సమస్య. డయల్ చేయాల్సిన నంబరు ఏ ఊళ్లో ఉందన్నదే పెద్దది. నంబరు దూరంలో ఉంటే ఇంటర్నెట్ గంటల మీద ఎస్టీడీ గంటలు కూడా పడతాయి. బరంపురం హౌరా-మద్రాసు ప్రధాన రైలు మార్గం మీద ఉన్న వ్యాపార పట్నం, ఎలాగోలా నెట్టుకొస్తుంది. గుణుపురం సంగతి వేరు, 2004 దాకా నౌపడ నుంచి నారోగేజి బండే. అక్కడి పొలం పనుల నివేదిక చేతిరాతలో బయల్దేరి, ఎవరి సంచిలోనో బరంపురం చేరి, అక్కడ టైపై, అప్పుడు ఈమెయిల్ అయ్యేది. దేశమంతటా లోకల్ కాల్ రేటుకే నెట్ కలిపే 172 నంబర్లు వచ్చాక, 1998 నవంబరు విధానంతో ప్రైవేటు కంపెనీలు దిగాక, ఈ బరువు తేలికైంది. సైబర్ కేఫులు వచ్చాయి. దాంతో పాటు ఒక కొత్త తలనొప్పి. సంస్థ చిరునామా స్థానంలో కోఆర్డినేటర్ సొంత హాట్‌మెయిల్ నిలబడింది. ఆయన ఉద్యోగం మారితే సంస్థ తన దాతలతో నడిపిన ఉత్తరాలన్నీ ఆయన వెంట వెళ్లిపోయేవి. డొమైన్ పేర్లదీ అదే తంతు. 1995 సెప్టెంబరు నుంచి డాట్ ఆర్గ్ పేరుకు రెండేళ్లకు 100 డాలర్లు అయ్యేది. క్రెడిట్ కార్డు ఎవరిదైతే పేరు వాళ్లది. పేరు రెన్యువల్ కాక, ఏ జూదం కంపెనీ చేతికో పోయిన సంస్థల వెబ్‌సైట్లు మన దేశంలో బోలెడు.

డబ్బు విషయంలో ఇంటర్నెట్ చేసింది అనుకున్నంత లేదు. విదేశీ విరాళాల మీద అప్పట్లో 1976 చట్టం ఉండేది. హోం శాఖ దగ్గర నమోదై, చూపించిన ఒకే బ్యాంకు ఖాతాలోకి విదేశీ సొమ్ము రావాల్సి ఉండేది. కాబట్టి ఎక్కడో ఒక విదేశీయుడు వెబ్‌సైటు చూసి కదిలిపోయి కార్డు గీకే వీలు నమోదు లేని ఇక్కడి చిన్న సంస్థకు ఉండేది కాదు. 1991లో మేరీలాండ్‌లో పుట్టిన అసోసియేషన్ ఫర్ ఇండియాస్ డెవలప్‌మెంట్, అదే ఏడాది బర్క్‌లీలో పుట్టిన ఆశ వంటివి ఈ ఖాళీని పూరించాయి. సభ్యులు ఊరూరా చెదిరి ఉన్నా ఈమెయిల్ మీద చర్చించి, అక్కడే చందాలు పోగుచేసి, ఇక్కడ నమోదున్న సంస్థకు పంపడం. ఈమెయిల్ మార్చింది డబ్బు దారిని కాదు, ప్రశ్నల జోరును. ఏడాదికొక నివేదిక పోస్టులో పంపితే సరిపోయిన చోట వారానికో సందేహం రాసాగింది. బదులివ్వడానికి ఇంగ్లిషు వచ్చిన మనిషి కావాలి. ఆ మనిషి క్రమంగా సంస్థలో అందరికంటే ముఖ్యుడయ్యాడు.

కాశీపురం నుంచి నార్వే దాకా

రాయగడ జిల్లా కాశీపురం దగ్గర బాఫ్లిమాలి కొండ బాక్సైట్ కోసం ఉత్కళ అల్యూమినా ప్రాజెక్టు 1990ల్లో వచ్చింది. భాగస్వాముల్లో నార్వేకు చెందిన నార్స్క్ హైడ్రో, కెనడాకు చెందిన ఆల్కాన్ ఉన్నాయి. 2000 డిసెంబరు 16న మైకంచలో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు. 2001లో నార్స్క్ హైడ్రో ప్రాజెక్టు నుంచి తప్పుకుంది. తర్వాత మాంట్రియల్‌లో ఆల్కాంట్ పేరుతో ప్రచారం నడిచింది, 2007లో ఆల్కాన్ కూడా వాటా వదిలింది. ఇదంతా ఈమెయిల్ మహిమ అనడం అక్కడ దెబ్బలు తిన్నవాళ్లకు అన్యాయం. వాటా వదలడానికి కంపెనీల లెక్కలు కంపెనీలకుంటాయి. ప్రాజెక్టు ఆగనూ లేదు, మిగిలిన భాగస్వామితో సాగింది. అయినా వాటాదారులున్న దేశంలో ప్రశ్న పుట్టాలంటే ఇక్కడి కబురు అక్కడికి, ఆ వారంలోనే చేరాలి. ఆ వేగం పోస్టు కార్డుకు లేదు.

అలా చేరిన కబురు ఎన్ని చేతులు మారిందో కూడా చూడాలి. కొండ మీద మనిషి తన కోందు భాష కువిలో చెప్తాడు. కార్యకర్త ఒడియాలోనో తెలుగులోనో రాసుకుంటాడు. పట్నంలో అది ఇంగ్లిషు అవుతుంది. ‘మా దేవుడి కొండ’ అన్న మాట మూడో చేతికి వచ్చేసరికి ‘సాంస్కృతిక ప్రాధాన్యం గల స్థలం’ అయిపోతుంది. విదేశాల నుంచి వచ్చిన జవాబు వెనక్కి ఆ మూడు మెట్లూ దిగిన సందర్భాలు తక్కువ. కంప్యూటరున్న మెట్టు దగ్గరే ఆగిపోయేది.

ఆ కింది మెట్లను ముందు కట్టినవాళ్లు కూడా ఉన్నారు. 1998లో పుదుచ్చేరి పల్లెల్లో స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ విలియనూరులో ఒక కేంద్రం పెట్టి, చుట్టుపక్కల ఊళ్లకు రేడియో సెట్లతో కలిపింది. ఇంటర్నెట్ ఒక్క కేంద్రంలోనే. అక్కడ అమెరికా నౌకాదళం వెబ్‌సైటు నుంచి అలల ఎత్తు అంచనా తీసి తమిళంలోకి మార్చి పంపితే, తీరపు ఊళ్లో మైకులో చదివేవారు. జాలరికి కంప్యూటర్ ముట్టుకునే పనే లేదు. గోపాల్‌పూర్ నుంచి సోనాపురం దాకా ఉన్న మన నోలియా (జాలర్ల) పల్లెలకు సరిగ్గా సరిపోయే నమూనా ఇది.

1999 అక్టోబరులో ఆ లోటు ఎంతటిదో కనిపించింది. 17న ఒక తుపాను గంజాం తీరాన్ని కొట్టింది. పన్నెండు రోజులకు, 29న, పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్. దాదాపు 10,000 మంది పోయారు. టవర్లు, స్తంభాలు కూలి ఫోన్లు మూగబోయాయి. ఫోన్ పోతే మోడెమ్ పోయినట్టే కాబట్టి, ప్రపంచమంతా ఒడిశా గురించి ఈమెయిళ్లు పంపుకుంటున్న రోజుల్లో ఒడిశా నుంచి మాత్రం ఈమెయిల్ లేదు. హైదరాబాద్ నుంచి వెళ్లిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వాళ్ల హామ్ సెట్లు కబురు మోశాయి. బయట తిరిగిన సహాయ విజ్ఞప్తుల్లో కనిపించే లోపం ఒకటే, తేదీ లేకపోవడం. ‘వెంటనే దుప్పట్లు కావాలి’ అన్న ఉత్తరం చేతులు మారుతూ నెల తర్వాత కూడా తిరుగుతుంది, అప్పటికి కావాల్సింది విత్తనాలు. ఊరు, మండలం లేదా బ్లాకు, ఎన్ని కుటుంబాలు, ఏ వస్తువు ఎన్ని, ఏ తేదీ దాకా: ఈ అయిదూ మొదటి రెండు వాక్యాల్లో లేని విజ్ఞప్తి పనికిరాదు. వాట్సాప్ కాలంలో కూడా ఇందులో మారిందేమీ లేదు.

లిపి గొడవ

సరిహద్దు జిల్లాల సంస్థలు ఈమెయిల్‌ను తెలుగులో ఎందుకు నడపలేదన్న ప్రశ్నకు జవాబు సగం సాంకేతికం. తెలుగు పేజీని స్కాన్ చేసి పంపితే అరవై కిలోబైట్లు, అంటే ఇంగ్లిషు పేజీకి ఇరవై నాలుగు రెట్ల బిల్లు. టైపు చేసి పంపితే అవతల అదే ఫాంటు ఉండాలి, లేకపోతే తెరమీద చీమల పుట్ట. అమెరికా తెలుగువాళ్లు రైస్ విశ్వవిద్యాలయంలో తయారైన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిషు అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు. చదువుకున్నవాళ్ల మధ్య అది బాగానే నడిచింది, గ్రామ కార్యకర్తకు పనికిరాలేదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, మామూలు కంప్యూటర్లో గౌతమి ఫాంటుతో పనిచేసింది 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చాకే. ఒడియా కళింగ ఫాంటు విస్టా దాకా ఆగాల్సి వచ్చింది. ఒకే ఆఫీసులో తెలుగు ఉత్తరం కనబడి ఒడియా ఉత్తరం కనబడని కాలం కొన్నేళ్లు నడిచింది. సవరలది మరీ ఆలస్యం. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండి వాళ్ల భాషకు వాచకాలూ నిఘంటువూ కూర్చారు. 1936లో వాళ్లకు సొంత లిపి సొర సొంపెంగ్ కూడా వచ్చింది. అది యూనికోడ్‌లోకి ఎక్కింది 2012లో.

ఆ కాలపు ఉత్తరాలు ఎవరి బీరువాలోనైనా మిగిలి ఉంటే ఇప్పుడే తీయాలి. అప్పటి డయల్-అప్ ఖాతాల్లో ఉత్తరం దించుకోగానే సర్వర్‌లో చెరిగిపోయేది, కాబట్టి ఆ పాత కంప్యూటర్లో ఉన్నదే ఏకైక ప్రతి. హార్డ్ డిస్క్‌ను పాత యంత్రంలో పెట్టి బూట్ చేయొద్దు. విప్పి, అడాప్టర్‌తో బయటి నుంచి కలిపి, మొత్తం డిస్క్‌కు ముందు నకలు తీయాలి. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అయితే డీబీఎక్స్ అనే తోక ఉన్న ఫైళ్లు వెతకాలి, వాటిని ఎంబాక్స్ రూపంలోకి మార్చే ఉచిత పనిముట్లున్నాయి. ఫ్లాపీలకు ఈ తీరపు తేమలో బూజు పడుతుంది. లోహపు మూత జరిపి చూసి, లోపలి పలకపై తెల్లటి మచ్చలుంటే డ్రైవ్‌లో పెట్టకూడదు, ఆ ఫ్లాపీతో పాటు డ్రైవ్ హెడ్ కూడా పోతుంది, తర్వాత పెట్టే మంచి ఫ్లాపీకి కూడా ఆ మరక అంటుతుంది. తెలుగు ఫైలు తెరిస్తే ఇంగ్లిషు గజిబిజి కనబడితే కంగారుపడి పారేయొద్దు. అది పాత ఫాంటుతో కొట్టినది. ఏ ఫాంటో తెలిస్తే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ దొరుకుతుంది, ఒక కంపెనీ ఫాంటుది ఇంకో కంపెనీకి పనిచేయదు. అందుకని నకలు తీసేటప్పుడు విండోస్ కింద ఉండే ఫాంట్స్ ఫోల్డరును కూడా పూర్తిగా కాపీ చేసుకోవాలి.